స్టీరింగ్ మార్చాక ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరకపోతే ఏం చేయాలి: ఒక సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో కారు స్టీరింగ్ మీది లెదర్‌కు ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలి, అరచేతి చెమట, రోజంతా ఎండలో నిలబడే పార్కింగ్ కలిసి దాన్ని పొలుసులు పొలుసులుగా లేపేస్తాయి. అప్పుడు చాలామంది గాజువాక ఆటోనగర్‌కు వెళ్లి, పాత స్టీరింగ్ తీయించి, కొత్తదో, అదే మోడల్‌లో పై వేరియంట్ నుంచి వచ్చిన ఆడియో బటన్ల స్టీరింగో వేయించుకుంటారు. పని గంటలో ముగుస్తుంది. ఇంటికి వచ్చి మర్నాడు తాళం తిప్పితే, మీటర్ బోర్డులో సీటులో కూర్చున్న మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్నట్టుండే ఎర్ర బొమ్మ వెలిగి ఇక ఆరదు. కొందరికి అదే రోజు వెలుగుతుంది, కొందరికి వారం తరవాత వెలుగుతుంది. ఈ తేడాకు కారణం ఉంది, దాన్ని కింద వివరంగా చెబుతాను.

ఆ లైట్ వెలుగుతున్నంతసేపూ, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా లేదు. చాలా కార్లలో ఒక్క డ్రైవర్ వైపు లోపం కనిపించినా కంప్యూటర్ మొత్తం వ్యవస్థనే పక్కన పెట్టవచ్చు. కాబట్టి లైట్‌ను ఆర్పడం మన పని కాదు, లైట్ దేని గురించి చెబుతోందో కనుక్కుని దాన్ని బాగుచేయడమే మన పని. ఈ రెండూ ఒకటే అనుకున్న చోటే ప్రాణం మీదికి వచ్చే పొరపాట్లు జరుగుతాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక హద్దు చెప్పాలి. లైట్ తీరు గమనించడం, కోడ్ (కారు కంప్యూటర్ రాసుకున్న లోపం గుర్తు) చదివించడం, మెకానిక్ చేసే పని సరిగా ఉందో లేదో చూసుకోవడం ఏ కారు యజమాని అయినా చేయవచ్చు. ఎయిర్‌బ్యాగ్‌ను విప్పి బిగించే పని మాత్రం, ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ చేతిలో ఉండి, కారు వైరింగ్ మీద ఇంతకు ముందు పనిచేసిన వారికే. ఎయిర్‌బ్యాగ్ లోపల ఉన్నది పేలుడు పదార్థమే. అది సంచిని సెకనులో ముప్పయ్యో వంతు కాలంలో ఉబ్బిస్తుంది. ఆ అలవాటు లేనివారు కింది మెట్లను పని చేయించుకునేటప్పుడు పక్కన నిలబడి సరిచూసుకోవడానికి వాడుకోవాలి.

లైట్ ఎలా వెలుగుతోంది?

స్కానర్ కోసం పరుగెత్తే ముందు, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి మీటర్ బోర్డు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కారులో ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి, సుమారు 6 సెకన్ల పాటు తనను తాను పరీక్షించుకుని ఆరిపోతుంది. మీ కారులో అది ఆరకుండా నిలిచిపోతే, ఈ క్షణంలో ఉన్న లోపమో, ఇంతకు ముందు నమోదై చెరపకుండా మిగిలిన లోపమో ఒకటి ఉన్నట్టు. ఆరిపోయి, స్టీరింగ్ ఒక వైపు బాగా తిప్పినప్పుడు మళ్లీ వెలిగితే అనుమానం దాదాపు పూర్తిగా క్లాక్ స్ప్రింగ్ (తిరిగే స్టీరింగ్‌ను కారు వైరింగ్‌తో కలిపే చుట్టు పట్టీ) మీదికే పోతుంది. అసలు ఒక్కసారి కూడా వెలగకపోతే మాత్రం సంతోషించకండి. ఎవరో బల్బు తీసేశారనో, తీగ కత్తిరించారనో అర్థం చేసుకోవాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా ఈ 6 సెకన్ల పరీక్ష మరిచిపోకూడదు.

అదే సమయంలో హారన్ కొట్టి చూడండి, స్టీరింగ్ మీది ఆడియో బటన్లు నొక్కి చూడండి. హారన్, బటన్లు, ఎయిర్‌బ్యాగ్ మూడింటి తీగలూ క్లాక్ స్ప్రింగ్ గుండానే వెళతాయి. మూడూ ఒకేసారి పడిపోతే లోపం క్లాక్ స్ప్రింగ్‌లోనో, దాని కింది కప్లర్‌లోనో (తీగలను కలిపే ప్లగ్గు) ఉంటుంది. హారన్, బటన్లు చక్కగా పనిచేస్తూ ఎయిర్‌బ్యాగ్ లైట్ ఒక్కటే వెలుగుతుంటే, ముందుగా ఎయిర్‌బ్యాగ్ వెనక ఉండే పసుపు కప్లర్‌ను, ఆ తరవాత ఎయిర్‌బ్యాగ్ మీ కారుకు సరిపోయేదేనా అన్న విషయాన్ని అనుమానించాలి. ఇది తుది తీర్పు కాదు, ఎందుకంటే క్లాక్ స్ప్రింగ్‌లో ఒక్క తీగ మాత్రమే తెగడం కూడా జరుగుతుంది. అయినా ఎక్కడి నుంచి వెతకాలో ఈ రెండు నిమిషాల పరీక్ష చెప్పేస్తుంది.

కంప్యూటర్ ఏం కొలుస్తుంది?

ఎయిర్‌బ్యాగ్ లోపల స్క్విబ్ అనే చిన్న నిప్పు రాజేసే ముక్క ఉంటుంది. దాని రెసిస్టెన్స్ సుమారు 2 ఓములు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ దాని గుండా అతి తక్కువ కరెంటు పంపిస్తూ, ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ రెసిస్టెన్స్‌ను గమనిస్తూనే ఉంటుంది. ఆ విలువ పైకి పోయినా, కిందికి పడినా, తీగ బాడీకి తగిలినా, బ్యాటరీ ప్లస్‌కు తగిలినా లైట్ వెలిగిస్తుంది. అసలు విలువే 2 ఓములు కాబట్టి, కప్లర్ కొంచెం వదులైనా, పిన్ను మీద కాస్త చిలుము పట్టినా ఆ తేడాను కంప్యూటర్ పట్టేస్తుంది. హెడ్‌లైట్ వైరింగ్‌లో ఎవరూ పట్టించుకోనంత చిన్న లోపం ఇక్కడ కోడ్ అవుతుంది.

ఆ పసుపు కప్లర్‌ను దగ్గర నుంచి చూస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. అందులో రెండు పిన్నులను కలుపుతూ సన్నటి ఇత్తడి స్ప్రింగు రేకు ఒకటి ఉంటుంది. కప్లర్ ఊడదీయగానే ఆ రేకు రెండు పిన్నులనూ షార్ట్ చేసేస్తుంది. ఒంటి మీది స్టాటిక్ కరెంటు పొరపాటున తగిలినా ఎయిర్‌బ్యాగ్ పేలకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. కప్లర్‌ను పూర్తిగా లోపలికి నొక్కినప్పుడు అవతలి ముక్కలోని ప్లాస్టిక్ నాలుక ఆ రేకును పైకి ఎత్తి పిన్నులను విడదీస్తుంది. కప్లర్ తొంభై శాతం లోపలికి వెళ్లి ఆగిపోతే పిన్నులు తగులుతాయి, కానీ రేకు లేవదు. చూడడానికి పెట్టినట్టే ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం షార్ట్ కనిపిస్తుంది. స్టీరింగ్ మార్చిన వెంటనే వచ్చే ‘రెసిస్టెన్స్ తక్కువ’ కోడ్‌కు ముందుగా చూడవలసిన చోటు ఇదే. ‘రెసిస్టెన్స్ ఎక్కువ’ లేదా ‘ఓపెన్’ (తీగ తెగినట్టు) అని వస్తే వదులు పిన్ను, చిలుము, తెగిన క్లాక్ స్ప్రింగ్, అసలు పెట్టని కప్లర్ అనే వరుసలో వెతకాలి.

కోడ్ చదివించడం

మార్కెట్‌లో తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ స్కానర్లలో చాలావరకు ఇంజిన్‌కు సంబంధించిన ‘పి’ కోడ్‌లనే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు ‘బి’ అక్షరంతో మొదలవుతాయి, వాటిని చదవడానికి మీ కంపెనీ ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. కాబట్టి మెకానిక్ ఫోన్‌లో చూసి ‘కోడ్ ఏమీ లేదు సార్’ అంటే ఆ మాటతో ఆగిపోకండి, ఎస్ఆర్ఎస్ (ఎయిర్‌బ్యాగ్) మాడ్యూల్ తెరిచి చూశారా అని అడగండి.

హ్యుందాయ్, కియా కార్లలో బి1346 అంటే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ రెసిస్టెన్స్ ఎక్కువగా ఉందని, బి1347 అంటే తక్కువగా ఉందని, బి1348 అంటే తీగ ఎర్త్‌కు, అంటే కారు బాడీకి తగులుతోందని, బి1349 అంటే బ్యాటరీ ప్లస్‌కు తగులుతోందని అర్థం. టయోటా మోడళ్లు చాలావాటిలో బి1800 డ్రైవర్ స్క్విబ్ సర్క్యూట్‌లో షార్ట్‌ను, బి1801 ఓపెన్‌ను చెబుతాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో 00588 అనే సంఖ్య డ్రైవర్ వైపు ఇగ్నైటర్‌ను సూచిస్తుంది, పక్కన ఉండే వాక్యంలో రెసిస్టెన్స్ ఎక్కువో తక్కువో ఉంటుంది. కోడ్‌ను చెరిపే ముందు తప్పకుండా ఫోటో తీసుకోండి. అది ‘ప్రస్తుతం ఉన్న’ లోపమా, ‘చరిత్రలో ఉన్న’ లోపమా అన్న మాట కూడా ఆ ఫోటోలో పడాలి.

ఈ రెండో మాట చాలా డబ్బు మిగులుస్తుంది. స్టీరింగ్ మార్చే మనిషి ఎయిర్‌బ్యాగ్ ఊడదీసి ఉన్నప్పుడు హారన్ పరీక్షకో, స్టీరియో కోసమో ఒక్కసారి ఇగ్నిషన్ ఆన్ చేసి ఉంటే, కంప్యూటర్ అప్పుడే ‘ఓపెన్’ అని రాసుకుంటుంది. తరవాత అంతా సవ్యంగా బిగించినా చాలా కార్లలో ఆ లైట్ తనంతట తాను ఆరదు. బ్యాటరీ తీసి పెట్టినా పోదు, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు సాధారణంగా కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో ఉంటాయి. కోడ్ చరిత్రలోనిదే అయితే, స్కానర్‌తో చెరిపితే పని అయిపోతుంది. మళ్లీ రాకపోతే ఒక్క పార్టు కూడా కొననక్కరలేదు.

క్లాక్ స్ప్రింగ్: వారం తరవాత వెలిగే లైట్

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే స్టీరింగ్ మార్చేటప్పుడు ఎక్కువగా చెడిపోయేది ఇదే. స్టీరింగ్ తిరుగుతుంది, కారు వైరింగ్ తిరగదు. ఈ రెండింటి మధ్య తీగ మెలికపడకుండా ఉండడానికి, గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉండే పల్చటి పట్టీ ఒకటి గుండ్రటి ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. దానికే క్లాక్ స్ప్రింగ్ అనీ, స్పైరల్ కేబుల్ అనీ పేరు.

లెక్క చూద్దాం. ఒక క్లాక్ స్ప్రింగ్ ఈ చివరి నుంచి ఆ చివరి వరకు సుమారు 5 చుట్లు తిరుగుతుందనుకోండి. మధ్యలో పెడితే ఒక్కో వైపు రెండున్నర చుట్లు మిగులుతాయి. కారు స్టీరింగ్ ఒక ఫుల్ లాక్ (ఒక వైపు ఇక తిరగనంత వరకు తిప్పిన స్థితి) నుంచి ఇంకో ఫుల్ లాక్‌కు మూడున్నర చుట్లు తిరుగుతుందనుకుంటే, ఒక్కో వైపు కావలసింది ఒకటిముప్పావు చుట్టు. అంటే మనకు ఉన్న వెసులుబాటు ఒక్కో వైపు ముప్పావు చుట్టు మాత్రమే. ఇప్పుడు స్టీరింగ్ తీసి ఉన్నప్పుడు ఎవరైనా చేత్తో ఆ పెట్టెను ఒక్క చుట్టు తిప్పేసి అలాగే బిగించారనుకోండి. ఒక వైపు ఒకటిన్నర చుట్టే మిగులుతుంది. కావలసింది ఒకటిముప్పావు. ఫుల్ లాక్‌కు పావు చుట్టు ముందే పట్టీ బిగుసుకుపోయి తెగుతుంది.

నేరుగా పోయే రోడ్డు మీద ఈ తప్పు అసలు బయటపడదు. జాతీయ రహదారి మీద అనకాపల్లి దాకా వెళ్లి వచ్చినా ఏమీ కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు స్తంభాల మధ్య రివర్స్ చేసేటప్పుడో, ఇరుకు సందులో యూటర్న్ కొట్టేటప్పుడో స్టీరింగ్ పూర్తిగా తిరుగుతుంది, అప్పుడు తెగుతుంది. అందుకే లైట్ వారానికో, పది రోజులకో వెలుగుతుంది. యజమాని దాన్ని స్టీరింగ్ మార్పుతో ముడిపెట్టుకోడు.

మా బావగారి కారుకు ఇదే జరిగింది. లెదర్ పోయిందని స్టీరింగ్ మార్పించారు. తొమ్మిదో రోజు సీతమ్మధారలో వాళ్ల సెల్లార్‌లో కారు పెడుతుంటే స్టీరింగ్ కింద ‘టప్’మని చిన్న చప్పుడు వచ్చింది, హారన్ పోయింది, లైట్ వెలిగింది. మార్చిన చోటికి తీసుకెళితే ‘ఎయిర్‌బ్యాగ్ పాతబడింది, కొత్తది వేయాలి’ అన్నారు. ఎయిర్‌బ్యాగ్ ధర విని ఆయన నాకు ఫోన్ చేశారు. క్లాక్ స్ప్రింగ్ బయటికి తీసి మూత తెరిస్తే, పారదర్శకమైన లేత గోధుమ రంగు పట్టీ ఒక చోట విసనకర్ర మడతలా ముడతపడి ఉంది. ఆ మడత దగ్గర, పట్టీలో గీతల్లా కనిపించే రాగి తీగలు నాలుగూ అడ్డంగా తెగి ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్‌లో ఏ లోపమూ లేదు. క్లాక్ స్ప్రింగ్ ఒక్కటి మార్చి, సెంటర్ సరిచేసి, కోడ్ చెరిపితే సరిపోయింది.

స్టీరింగ్ తిప్పేటప్పుడు లోపల కాగితం నలిగినట్టు గరగర చప్పుడు వస్తుంటే, తెగకముందే అది మిమ్మల్ని హెచ్చరిస్తోంది. అప్పుడే విప్పించి చూసుకోండి.

విప్పే పని, మెట్టు మెట్టుగా

ముందు చక్రాలు నేరుగా ఉండేలా కారును సమతలం మీద నిలపండి. స్టీరింగ్ నేరుగా ఉందని కంటితో చూసి సరిపెట్టుకోకుండా, పది అడుగులు ముందుకు నడిపి చేయి వదిలితే కారు నేరుగా పోతోందా అని చూడండి. ఇగ్నిషన్ ఆపి తాళం తీయండి.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. ఇప్పుడు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కెపాసిటర్లు ఉంటాయి. ప్రమాదంలో బ్యాటరీ తీగ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి అవి కరెంటు దాచి ఉంచుతాయి. అది ఖాళీ కావడానికి టయోటా 90 సెకన్లు ఆగమంటుంది, హోండా 3 నిమిషాలు ఆగమంటుంది. ఏ కారైనా సరే 10 నిమిషాలు ఆగండి. టీ తాగి వచ్చేంత సేపు, అంతకు మించి పట్టదు. ఈ ఒక్క మెట్టు దాటేసే మెకానిక్ చేత మిగతా పని చేయించకండి.

ఎయిర్‌బ్యాగ్ ముట్టే ముందు కారు బాడీ లోహాన్ని ఒకసారి చేత్తో తాకి ఒంటి మీది స్టాటిక్‌ను పోగొట్టుకోండి. కొన్ని కార్లలో స్టీరింగ్ వెనక, రెండు పక్కలా ఉండే రంధ్రాల్లోంచి స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగు క్లిప్పును నొక్కితే ఎయిర్‌బ్యాగ్ వదులుతుంది. కొన్నింటిలో రెండు టార్క్స్ టీ30 స్క్రూలు ఉంటాయి. ఏది ఎటు నొక్కాలో మాన్యువల్ చూసే చేయాలి, ఊడడం లేదని పళ్లెంలా పట్టుకుని లాగకూడదు. మీ ముఖం, ఛాతీ ఎయిర్‌బ్యాగ్‌కు ఎదురుగా ఉండకుండా పక్క నుంచి పనిచేయండి.

వదులైన ఎయిర్‌బ్యాగ్‌ను కొంచెం ముందుకు తీసి, వెనక పసుపు కప్లర్ చూడండి. దాని మీద చిన్న లాక్ ముక్క ఉంటుంది. ముందు దాన్ని సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో పైకి లేపాలి, తరవాతే కప్లర్ వస్తుంది. తీగలు పట్టుకుని లాగితే పిన్ను వదులవుతుంది, అదే తరవాత ‘రెసిస్టెన్స్ ఎక్కువ’ కోడ్‌గా తిరిగి వస్తుంది. ఊడిన ఎయిర్‌బ్యాగ్‌ను పట్టుకెళ్లేటప్పుడు దాని ముఖం మీ ఒంటి వైపు కాకుండా బయటి వైపు ఉండాలి. బల్ల మీద పెట్టేటప్పుడు ముఖం పైకే ఉండాలి, దాని మీద ఏమీ పెట్టకూడదు. బోర్లా పెట్టిన ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలితే రాయిలా పైకి ఎగురుతుంది. ఎండలో వదిలేయకండి, పిల్లలు తిరిగే చోట పెట్టకండి.

ఈ దశలో మల్టీమీటర్ మోజు ఉన్నవారికి ఒక మాట. ఎయిర్‌బ్యాగ్ పిన్నుల మీద మల్టీమీటర్ పెట్టి ఓములు కొలవకండి. మీటర్ పంపే కరెంటే దాన్ని పేల్చడానికి చాలవచ్చు. ఎయిర్‌బ్యాగ్ మంచిదా కాదా తేల్చుకోవలసి వస్తే, కంపెనీ చెప్పిన విలువ ఉన్న పరీక్షా రెసిస్టర్‌ను దాని స్థానంలో తాత్కాలికంగా పెట్టి కోడ్ మారిందా అని స్కానర్‌లో చూసే పద్ధతి ఉంది. అది సర్వీస్ సెంటర్ పని, పరీక్ష అయిన వెంటనే తీసేయవలసిన పని.

తరవాత మధ్య నట్టు విప్పాలి. పూర్తిగా తీసేయకండి, నాలుగైదు మరలు ఉండేలా వదిలి అప్పుడు స్టీరింగ్‌ను రెండు చేతులా ముందుకు లాగండి. నట్టు లేకుండా లాగితే స్ప్లైన్ల (షాఫ్ట్ మీది పళ్ల) మీద నుంచి ఒక్కసారిగా ఊడి వచ్చి ముఖానికి కొట్టుకుంటుంది. షాఫ్ట్ మీద, స్టీరింగ్ బాస్ (షాఫ్ట్ మీద కూర్చునే మధ్య భాగం) మీద ఒకే గీతలో పెయింట్ గుర్తు పెట్టండి, బిగించేటప్పుడు ఒక పన్ను కూడా తేడా రాదు. ఎంతకీ రాకపోతే పుల్లర్ అనే లాగే పనిముట్టు వాడాలి. సుత్తితో కొట్టడం ఆటోనగర్‌లో నేను కళ్లారా చూశాను, అది క్లాక్ స్ప్రింగ్‌నూ, షాఫ్ట్‌ను పట్టి ఉంచే కాలమ్‌నూ కలిపి పాడుచేస్తుంది.

క్లాక్ స్ప్రింగ్‌ను సెంటర్ చేయడం

స్టీరింగ్ తీసిన క్షణం నుంచి ఆ క్లాక్ స్ప్రింగ్ తిరగకుండా చూసుకోండి. దాని లోపలి వలయాన్ని బయటి పెట్టెకు కలిపి రెండు చోట్ల టేపు అంటిస్తే చాలు. అప్పటికే ఎవరో తిప్పేసి ఉంటే, ఏ వైపుకైనా రెండు వేళ్లతో మెల్లగా, బిగుసుకునే వరకు తిప్పండి. బలం పెట్టకండి, ఆగినట్టు తోచగానే ఆగాలి. అక్కడి నుంచి ఎదురు వైపుకు, మళ్లీ బిగుసుకునే వరకు తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. ఆ మొత్తంలో సగం వెనక్కి తిప్పితే మధ్యకు వస్తుంది. పెట్టె మీద రెండు బాణం గుర్తులో, చిన్న కిటికీలో రంగు చుక్కో ఉంటుంది, అవి కూడా కలవాలి. గుర్తులు కలవడం ఒక్కటే చాలదు, ఎందుకంటే ప్రతి చుట్టులోనూ అవి ఒకసారి కలుస్తాయి. చుట్లు లెక్కపెట్టకుండా గుర్తు కలిపేయడమే నేను చూసిన తప్పుల్లో తరచుగా కనిపించేది.

కొత్త క్లాక్ స్ప్రింగ్ అయితే కంపెనీ వాళ్లు మధ్యలో పెట్టి, తిరగకుండా పిన్నో, స్టిక్కరో వేసి పంపుతారు. దాన్ని కాలమ్ మీద బిగించిన తరవాతే తీయాలి. పాతది అనుమానంగా ఉంటే, రెండు వైపులా కప్లర్లు తీసి, కారు నుంచి పూర్తిగా విడదీసిన తరవాత మల్టీమీటర్ వాడవచ్చు. ఒక్కో తీగను ఈ చివరి నుంచి ఆ చివరికి విడివిడిగా కొలుస్తూ, వలయాన్ని చివరి నుంచి చివరికి నెమ్మదిగా తిప్పండి. విలువ సుమారు ఒక ఓము లోపు నిలకడగా ఉండాలి. మధ్యలో ఎక్కడ ఎగిరినా ఆ క్లాక్ స్ప్రింగ్ పనికిరాదు. పట్టీని టంకం వేసి అతికించే ప్రయత్నం చేయకండి.

కప్లర్ల పిన్నులను కూడా ఇప్పుడే చూడాలి. సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో, పెదవాల్తేరు, రుషికొండ వైపు కార్లలో, పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టడం మామూలే. ఎమరీ కాగితంతో గీకితే వాటి మీది పూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. కొంచెం ఉంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు, ఎక్కువ ఉంటే ఆ వైరింగ్ ముక్కను కంపెనీ పార్టుతో మార్చాలి. ఎయిర్‌బ్యాగ్ తీగలను కత్తిరించి మెలిపెట్టి టేపు చుట్టడం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి.

తిరిగి బిగించడం

పెయింట్ గుర్తులు కలిపి స్టీరింగ్ పెట్టండి. క్లాక్ స్ప్రింగ్ మీది రెండు పొడుచుకు వచ్చిన ముక్కలు స్టీరింగ్ వెనక ఉండే రంధ్రాల్లో కూర్చోవాలి. కూర్చోకుండా నట్టు బిగిస్తే అవి విరుగుతాయి. తీగలు ఎక్కడా నలిగి ఉండకూడదు. నట్టును టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన విలువకు బిగించండి, చిన్న కార్లలో అది సాధారణంగా 30 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మాన్యువల్ కొత్త నట్టు వేయమంటే కొత్తదే వేయాలి.

పసుపు కప్లర్‌ను ‘టక్’మనే వరకు నొక్కి, తరవాత లాక్ ముక్కను కిందికి నొక్కండి. లాక్ కిందికి దిగకపోతే కప్లర్ పూర్తిగా వెళ్లలేదని అర్థం, బలవంతం చేయకుండా తీసి మళ్లీ పెట్టండి. రెండు దశల (రెండు స్క్విబ్‌లు ఉండే) ఎయిర్‌బ్యాగ్ అయితే రెండు కప్లర్లు ఉంటాయి, ఏ రంగుది ఆ రంగులోనే పెట్టాలి.

బ్యాటరీ నెగటివ్ కలిపేటప్పుడు కారులో ఎవరూ కూర్చోకూడదు. ఇగ్నిషన్‌ను తలుపు బయట నిలబడి, చేయి మాత్రం లోపలికి పెట్టి, తల ఎయిర్‌బ్యాగ్‌కు ఎదురు కాకుండా ఆన్ చేయండి. లైట్ వెలిగి 6 సెకన్లకు ఆరాలి. ఆరకపోతే కోడ్ మళ్లీ చదివించి, చరిత్రలోనిదైతే చెరిపించండి. స్టెబిలిటీ కంట్రోల్ లైటో, పవర్ స్టీరింగ్ లైటో కొత్తగా వెలిగితే స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే యాంగిల్ సెన్సార్‌కు సున్నా (నేరుగా ఉన్న స్థానం) తిరిగి చూపించాలి. కొన్ని కార్లలో కొంత దూరం నడిపితే అదే సర్దుకుంటుంది, కొన్నింటికి స్కానర్ కావాలి.

అప్పటికీ ఆరకపోతే

స్టీరింగ్‌తో పాటు ఎయిర్‌బ్యాగ్ కూడా మార్చి ఉంటే, అది మీ కారుకు చెందినదేనా చూడండి. ఒక దశ ఎయిర్‌బ్యాగ్ ఉండవలసిన చోట రెండు దశలది పెడితేనో, ఫేస్‌లిఫ్ట్ (పైరూపు మార్పు) తరవాతి మోడల్‌ది ముందు మోడల్‌కు పెడితేనో, చూడడానికి అంతా సరిపోయినా కంప్యూటర్ ఒప్పుకోదు. రెండింటి వెనక ఉండే పార్ట్ నంబర్లు పోల్చడమే దీనికి మార్గం. దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2019 జులై 1 నుంచి. అంతకు ముందు వచ్చిన బేస్ వేరియంట్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగే లేదు. అలాంటి కారుకు ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ వేసినంత మాత్రాన రక్షణ రాదు. దాన్ని పేల్చే కంప్యూటర్, సెన్సార్లు, వైరింగ్ ఆ కారులో లేవు.

కోడ్ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌ది కాకుండా సీటు బెల్టుదో, సైడ్ ఎయిర్‌బ్యాగ్‌దో అని వస్తే, ముందు సీట్ల కింద పసుపు కప్లర్లు చూడండి. సీటు ముందుకు వెనక్కి జరిపినప్పుడు, కారు కడిగినప్పుడు, తడి గొడుగు కింద పెట్టినప్పుడు అవి చెడతాయి. బ్యాటరీ బలహీనమై వోల్టేజ్ పడిపోయినా కోడ్ రావచ్చు.

ఎంత ఒత్తిడి చేసినా ఒప్పుకోకూడనివి

కొన్ని చోట్ల ‘లైట్ పోగొట్టేస్తాం’ అంటారు. ఎయిర్‌బ్యాగ్ కప్లర్‌లో రెండు మూడు ఓముల రెసిస్టర్ గుచ్చుతారు. కంప్యూటర్ దాన్నే ఎయిర్‌బ్యాగ్ అనుకుని లైట్ ఆర్పేస్తుంది. ఇంట్లో వాళ్లందరూ లైట్ లేదు కాబట్టి ఎయిర్‌బ్యాగ్ ఉందనుకుని ఆ కారులో ప్రయాణిస్తారు. ఇంతకంటే నమ్మకద్రోహం ఇంకొకటి లేదు. బల్బు తీయడం, తీగ కత్తిరించడం, ఎయిర్‌బ్యాగ్ లేని స్పోర్ట్స్ స్టీరింగ్ వేయడం కూడా ఇలాంటివే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడాన్ని పరిమితం చేస్తుంది, ప్రమాదం తరవాత బీమా క్లెయిమ్ దగ్గరా ఇలాంటి మార్పు మీద ప్రశ్న వస్తుంది.

స్క్రాప్ నుంచి వచ్చిన ఎయిర్‌బ్యాగ్ కొనకండి. విశాఖ వంటి చోట ఇది మరీ ముఖ్యం. టకాటా అనే జపాన్ సంస్థ చేసిన ఎయిర్‌బ్యాగ్‌లలో వాడిన అమ్మోనియం నైట్రేట్, తేమను పీల్చే మందు లేని రకాల్లో, వేడి, గాలిలో తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బతిని, పేలినప్పుడు లోహపు డబ్బానే బద్దలు కొట్టి ముక్కలను డ్రైవర్ మీదికి చిమ్మింది. మోటారు వాహన చరిత్రలోనే అతి పెద్ద రీకాల్ దానివల్ల జరిగింది, ఆ సంస్థ 2017 జూన్‌లో దివాలా తీసింది. మన దేశంలోనూ హోండా వంటి కంపెనీలు ఆ కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చాయి. మీ కారు ఛాసిస్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉంటే మీకు డబ్బు ఖర్చు లేకుండానే పని జరుగుతుంది.

చివరి పరీక్ష

కారు ఇంటికి తెచ్చుకునే ముందు, మధురవాడ వైపు ఏదైనా ఖాళీ లేఅవుట్‌లోకి తీసుకెళ్లి, చాలా నెమ్మదిగా నడుపుతూ స్టీరింగ్‌ను ఎడమకు ఫుల్ లాక్, కుడికి ఫుల్ లాక్ మూడేసి సార్లు తిప్పండి. ప్రతిసారీ హారన్ కొట్టండి, ఆడియో బటన్ నొక్కండి, మీటర్ బోర్డు చూడండి. ఎక్కడైనా బిగుసుకున్నట్టు తోస్తే, గరగర వినిపిస్తే, అక్కడే ఆపి వెనక్కి తిప్పి, క్లాక్ స్ప్రింగ్ సెంటర్ మళ్లీ చూపించండి. అప్పటికి పట్టీ ఇంకా తెగి ఉండకపోవచ్చు. సీటు సర్దుకునేటప్పుడు ఛాతీకీ స్టీరింగ్ మధ్యకూ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉంచండి, ఎయిర్‌బ్యాగ్ పూర్తిగా ఉబ్బడానికి ఆ చోటు కావాలి.

పాత ఎయిర్‌బ్యాగ్ పేలకుండా మీ దగ్గర మిగిలితే, దాన్ని పాత ఇనుము వాడికి వేయకండి, ఇంటి అటక మీద దాచకండి. పేలని ఎయిర్‌బ్యాగ్‌ను రవాణా నిబంధనలు ప్రమాదకర వస్తువుగానే లెక్కిస్తాయి. మీ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు అప్పగించి, అప్పగించినట్టు బిల్లు మీద రాయించుకోండి. అదే బిల్లు మీద కొత్త స్టీరింగ్, క్లాక్ స్ప్రింగ్ పార్ట్ నంబర్లు, చెరిపిన కోడ్, తేదీ కూడా రాయించండి.